దీవిలో కంపెనీ, కరీంనగర్‌లో యజమాని

ప్రశ్న: మాది కరీంనగర్. గ్రానైట్ బ్లాకులు చైనాకు ఎగుమతి చేస్తాను. కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో కంపెనీ పెడితే పన్ను ఉండదని, యజమాని పేరు బయటపడదని ఒక కన్సల్టెంటు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: అక్కడ కంపెనీ లాభంపై ఆదాయపు పన్ను లేదన్నది నిజమే. పేరు బయటపడదన్న మాట మాత్రం దయచేసి నమ్మకండి. ఆ దీవుల 2004 నాటి బిజినెస్ కంపెనీల చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న స్థానిక ఏజెంటు తప్పనిసరి. 2023 నుంచి అతనికి ఏటా ఆర్థిక వివరాలు ఇవ్వాలి, 2025లో అమల్లోకి వచ్చిన సవరణతో అసలు యజమాని వివరాలు అక్కడి కంపెనీల రిజిస్ట్రారుకు కూడా చేరతాయి.

మీకు అసలు చిక్కు మన చట్టాలతోనే. ఇక్కడ నివసించే మీరు ఆ కంపెనీలో వాటా కొనాలంటే, 2022 నాటి విదేశీ పెట్టుబడి నిబంధనల మేరకు బ్యాంకులో విదేశీ పెట్టుబడి వివరాలు తెలిపే ఫారం ఎఫ్‌సీ సమర్పించి, ఆ బ్యాంకు ద్వారానే సొమ్ము పంపి, తర్వాత ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తులు రాసే షెడ్యూల్ ఎఫ్‌ఏలో వాటాను చూపాలి. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల విలువ 20 లక్షల రూపాయలు దాటినా చూపకపోతే, 2015 నాటి నల్లధన చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు.

బ్లాకులను దీవి కంపెనీకి తక్కువ ధరకు బిల్లు చేసి, అక్కడి నుంచి చైనా కొనుగోలుదారుకు అసలు ధరకు అమ్మడమే ఆ కన్సల్టెంటు ఆలోచనైతే, అది ఇంకా ప్రమాదకరం. సొంత సంస్థల మధ్య బిల్లు కూడా బయటివారికి అమ్మే ధరకే ఉండాలని మన ఆదాయపు పన్ను చట్టంలోని బదిలీ ధరల (ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్) నిబంధనలు చెబుతున్నాయి. ఆ లావాదేవీలపై చార్టర్డ్ అకౌంటెంటు ఫారం 3సీఈబీలో నివేదిక ఇవ్వాలి. కనుక కాగితాలపై సంతకం చేయకముందే వాటిని మీ ఆడిటరుకు చూపించండి.