రాయి అరవని రోజు

చిరంజీవి బుజ్జికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మాయలోకం, మబ్బులు దాటిన కొండ, ముట్టుకున్న ప్రతివాడికీ వరాలిచ్చే రాయి. చదివించావు, కాదనను. కానీ ఆ కొండ మీద గడ్డి పోచ కూడా మొలిచినట్టు లేదురా. నలభై ఏళ్ళు పిల్లల పత్రికలకు కథలు రాసినవాణ్ణి కాబట్టి ఈ చనువు.

ముందు కొండ ఎత్తు తగ్గించు. మీ అక్కను చూడ్డానికి డబ్లిన్ వెళ్ళినప్పుడు తారా కొండకు తీసుకెళ్ళింది. ఐర్లాండు రాజులకు పట్టం కట్టిన చోటని దానికి పేరు. ఎత్తు 155 మీటర్లు, అంతే. మీ పెద్దమ్మ మోకాళ్ళ నొప్పితోనే ఎక్కేసింది. పైన గొర్రెలు మేస్తున్నాయి, మీటరు పైచిలుకు రాయొకటి నిలబడి ఉంది. లియా ఫాల్ అంటారు. అసలైన రాజు పాదం మోపితే కేక పెట్టేదట. నేనూ అరచెయ్యి ఆనించాను. చల్లగా, గరుగ్గా తగిలింది. "అరిచిందా?" అంది పెద్దమ్మ.

నాకు నచ్చింది ఆ కేక కాదు. కూ హులిన్ అనే వీరుడు, తను పెంచినవాడు పాదం మోపినా ఆ రాయి అరవలేదన్న కోపంతో కత్తితో కొట్టి చీల్చాడట. నీ హీరో చెయ్యి పెట్టగానే రాయి వెలిగింది, కథ అయిపోయింది. ఒక్కసారి వెలగకుండా ఉంచి చూడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఎటు చూస్తారు? వాళ్ళమ్మ ఏమంటుంది? అదంతా రాసెయ్యి, రెండు పేజీలైనా సరే.

మహిమను నువ్వు చెప్పకు, ఊరివాళ్ళతో చెప్పించు. మన యాగంటి బసవన్న పెరుగుతున్నాడని టేపు పెట్టి ఎవరూ చూపించరు. "ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళం, ఇప్పుడు స్తంభానికీ ఆయనకీ మధ్య మనిషి పట్టడు" అంటారు. కలియుగాంతాన లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారి మాట. అక్కడ అరిచి ఊరుకున్న రాయి, ఇక్కడ ఇంకా అరవాల్సిన రాయి.

ఇంకొకటి, నీ రాయికి కాపలా ఎవరు? బ్రిటిష్ పాలన మీద ఐర్లాండువాళ్ళు చేసిన 1798 తిరుగుబాటులో చచ్చిపోయినవాళ్ళ గుర్తుగా తారా రాయిని చోటు మార్చి పాతారు. 2012లో ఎవడో సుత్తితో కొట్టాడు, 2014లో రంగు పోశారు. నీ లోకంలో అలాంటి వెధవ ఒక్కడూ లేడా?

డ్రాగన్ నీ ఇష్టం. గొర్రెలు మాత్రం ఉండాలి.

మీ పెద్దనాన్న