కోబాల్ట్ బ్లూ గాజు వాజు నిజంగా పాతదేనా? కొనేముందు ఎలా తెలుసుకోవాలి?

ముదురు నీలం గాజు వాజులు సేకరించాలని ఉందని రాశారు. అమ్మేవాళ్లు ప్రతిదాని కిందా ‘యాంటిక్’, ‘బ్రిస్టల్ బ్లూ’ అని పెట్టేస్తుంటే ఏది వందేళ్ల నాటిదో, ఏది నిన్నమొన్న చేసిందో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు. నేను చాలా ఏళ్లుగా ఈ నీలం గాజే సేకరిస్తున్నాను. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఏమిటంటే, రంగును చూసి వయసు చెప్పలేం. కొత్తవాళ్లు దెబ్బతినేది అక్కడే. రంగు చూడగానే మనసు పారేసుకుంటారు, ఆ తర్వాత అమ్మేవాళ్లు ఏం చెప్పినా నిజమే అనిపిస్తుంది.

ఆ నీలం ఏ కాలంలో చేసినా ఒకలాగే ఉంటుంది. కరిగిన గాజులో కోబాల్ట్ ఆక్సైడ్ కలిపితే వచ్చే రంగు అది. వెయ్యి పాళ్ల గాజుకి ఒకటి రెండు పాళ్లు పడితే చాలు, వెలుగుకి ఎదురుగా పెడితే తప్ప నల్లగా కనిపించేంత ముదురు రంగు వస్తుంది. టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర సముద్రం అడుగున ఒక ఓడ దొరికింది. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో మునిగిన ఆ ఓడ సరుకులో గాజు దిమ్మలు ఉన్నాయి, వాటిలో ముదురు నీలానివి కోబాల్ట్‌తో చేసినవే. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పోర్ట్‌లాండ్ వాజు రోమన్లు సుమారు రెండు వేల ఏళ్ల కిందట చేసింది. ముదురు నీలం గాజు మీద తెల్లగాజు పొర పోసి, ఆ తెలుపును చెక్కి బొమ్మలు తేల్చారు. 1845లో ఒకడు మ్యూజియంలోనే దాన్ని ముక్కలు ముక్కలు చేస్తే అతికించి మళ్లీ నిలబెట్టారు. ఆ నీలానికి కారణం కోబాల్ట్ అనే వేరే లోహమని స్వీడన్‌కి చెందిన గియోర్గ్ బ్రాంట్ 1730ల్లో తేల్చాడు. గాజు పనివాళ్లు మాత్రం అప్పటికే వేల ఏళ్లుగా దాన్ని వాడుతున్నారు. పైగా ఈ రంగు ఎండకి వెలిసిపోదు. అందువల్ల ‘కొత్తదానిలా మెరుస్తోంది’ అనే మాటకి అటూ ఇటూ అర్థం లేదు.

మరి ఏం చూడాలి? అడుగు చూడాలి. ఏ వాజు చేతికిచ్చినా నేను ముందు తలకిందులు చేస్తాను.

ఊది చేసిన వాజు అయితే, మూతి సరిదిద్దడానికి పనివాడు దాని అడుగుని ఒక ఇనుప కడ్డీకి అంటించుకుంటాడు. పని అయ్యాక కడ్డీ నుంచి విరిచేస్తే అక్కడ గరుకు మచ్చ మిగులుతుంది. దీన్ని పాంటిల్ మచ్చ అంటారు. కొందరు అలాగే వదిలేస్తారు. మంచి పనిలో అయితే సాన పట్టి, నున్నటి చిన్న గుంటలా చేస్తారు. పాంటిల్ ఉంటే పాతదే అని చాలామంది నమ్ముతారు గానీ అది తప్పు. ఇవాళ స్టూడియోలో చేత్తో చేసిన వాజుకీ పాంటిల్ ఉంటుంది. అది చెప్పేది ఎలా చేశారనేదే, ఎప్పుడు చేశారనేది కాదు. అలాగే నిలువుగా సన్నటి అతుకు గీతలు కనిపిస్తే అచ్చులో చేసినట్టు లెక్క. 19వ శతాబ్దంలోనూ అచ్చులు బాగా వాడారు కాబట్టి గీత ఉన్నంత మాత్రాన కొత్తదని పక్కన పెట్టేయకండి.

వయసు గురించి కాస్త నిజం చెప్పేది అరుగుదల. దశాబ్దాల పాటు బల్లల మీద, అల్మారాల్లో జరుపుతూ ఉంటే అడుగున నేలను తాకే అంచు మీద మాత్రమే సన్నటి గీతలు పడతాయి. అవి తలో దిక్కుకీ ఉంటాయి, కొన్ని లోతుగా, కొన్ని కనీకనపడకుండా. గరుకు కాగితంతో రుద్ది పాతదిగా చూపించినప్పుడు గీతలన్నీ ఒకే దిక్కుకి, ఒకే లోతులో ఉంటాయి. నేలను ఎప్పుడూ తాకని గుంట లోపల కూడా గీతలు కనిపిస్తాయి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఉంటే ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది. నీలం గాజు మీద తెల్లటి గీతలు మరీ స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి ఈ పరీక్షకి ఇంతకంటే అనువైన గాజు లేదు.

తర్వాత వెలుగు. ‘కోబాల్ట్ బ్లూ’ పేరుతో రంగులేని గాజుకి పైన నీలం పూత వేసినవి కూడా అమ్ముతున్నారు. పైన పటారం, లోన లొటారం. మూతి అంచునీ అడుగునీ లైటుకి ఎదురుగా పెట్టి చూడండి. గాజులోనే రంగు ఉంటే మందంగా ఉన్నచోట ముదురుగా, పల్చగా ఉన్నచోట లేతగా కనిపిస్తుంది. పూత అయితే మందంతో పని లేకుండా అంతటా ఒకటే రంగు, గీత పడినచోట రంగులేని గాజు బయటపడుతుంది. అయితే పొరలుగా చేసిన గాజంతా నకిలీ అనుకోకండి. రంగులేని గాజు మీద నీలం గాజు పొర పోసి, ఆ నీలాన్ని సానరాయితో కోసి డిజైన్ తీసే బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) పనితనం చాలా గొప్పది. అందులో కోత అంచులు వేలికి పదునుగా తగులుతాయి. అచ్చులో పోసి కోతలా భ్రమపెట్టిన దానికి అంచులు గుండ్రంగా, మొద్దుగా ఉంటాయి.

నీలం కోబాల్ట్‌దేనా, రాగిదా అని అనుమానం వస్తే నేను చెల్సీ ఫిల్టర్ వాడతాను. రత్నాలు పరీక్షించేవాళ్లు వాడే చిన్న అద్దం అది. బల్బు వెలుగులో దాని గుండా చూస్తే కోబాల్ట్ గాజు ఎర్రగా కనిపిస్తుంది, రాగితో నీలం వచ్చిన గాజు అలా ఎర్రబడదు. కోబాల్ట్ పసుపు, నారింజ రంగు కాంతిని మింగేసి, నీలాన్నీ చిట్టచివరి ముదురు ఎరుపునీ మాత్రం వదులుతుంది. అందుకే పాతకాలపు వేడి బల్బు ముందు పెడితే ఈ వాజుల్లో ఊదా ఛాయ తొంగిచూస్తుంది. నాకైతే ఈ గాజులో అన్నిటికంటే అందమైన క్షణం అదే. రసాయన ప్రయోగశాలల్లో మంట రంగు చూసేటప్పుడు సోడియం పసుపుని కప్పేయడానికి కోబాల్ట్ గాజు అడ్డం పెట్టేదీ ఈ గుణం వల్లే.

మూతి అంచుని కళ్లతో కాదు, గోటితో చూడండి. మెల్లగా చుట్టూ తిప్పితే చిన్న పెచ్చు ఊడినా గోరు ఆగుతుంది. పెచ్చులు పోయిన మూతిని కోసి సాన పట్టి అమ్ముతుంటారు. నిప్పు సెగకి నున్నబడిన అంచు గుండ్రంగా, కాస్త మెత్తగా ఉంటుంది. తర్వాత కోసింది బల్లపరుపుగా, మూలలు పదునుగా ఉంటుంది. అలాంటప్పుడు వాజు మొత్తం ఆకారం కూడా ఎక్కడో పొట్టిగా, మెడ తెగినట్టుగా అనిపిస్తుంది. ముక్కలు అతికించారేమో తెలుసుకోవాలంటే చీకట్లో యూవీ టార్చ్ వేయండి. చాలా రకాల జిగురు ఆ వెలుగులో గాజు కంటే వేరుగా మెరుస్తుంది.

ఇక మసక. పాత వాజుల్లో నీళ్లు నెలల తరబడి నిలవ ఉంటే లోపల తెల్లటి పొర ఏర్పడుతుంది. ఒక్కోసారి అది నీటిలోని సున్నం మాత్రమే, దాన్ని తీసేయొచ్చు. ఒక్కోసారి నీళ్లు గాజులోంచే క్షారాన్ని లాగేసి ఉంటాయి. అప్పుడు మసక పట్టింది గాజుకే, కడిగితే పోయేది కాదు. ఈ మసకని దాచడానికి కొందరు లోపల నూనె రాస్తారు. నూనె ఉన్నంతసేపూ గాజు కొత్తదానిలా మెరుస్తుంది. నాకు ఒక అమ్మకందారు అలాంటి పొడవాటి వాజు ఒకటి చూపించాడు. లోపల వేలు పెడితే జారింది. టిష్యూ కాగితంతో తుడిచేసరికి అడుగు నుంచి మెడ దాకా మసక బయటపడింది, తిరిగి ఇచ్చేశాను. అప్పటినుంచి టిష్యూ లేకుండా నేను కొనడానికి వెళ్లను. ఆన్‌లైన్‌లో అయితే కిటికీ వెలుగుకి ఎదురుగా పెట్టి తీసిన ఫోటో, లోపలికి చూస్తూ తీసిన ఫోటో, అడుగు ఫోటో అడగండి. మామూలు ఫోటోలో ఈ గాజు నల్ల ముద్దలా పడుతుంది, లోపాలన్నీ అందులో దాగిపోతాయి. అడిగిన ఫోటోలు ఇవ్వని వాళ్ల దగ్గర నేను కొనను.

పేర్ల సంగతికి వద్దాం. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ 18వ శతాబ్దంలో నీలం గాజుకి పేరు మోసిన ఊరు. అక్కడి ఐజాక్ జేకబ్స్ మూడో జార్జ్ రాజుకి గాజు సరఫరా చేశాడు, కొన్నిటి మీద బంగారు అక్షరాలతో తన పేరు, ఊరి పేరు రాయించాడు. కానీ ఆ సంతకం ఎక్కువగా డికాంటర్ల (వైన్ పోసి ఉంచే గాజు కూజాల) మీద, వేళ్లు కడుక్కునే గిన్నెల మీద కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ఇంకా ఎన్నో చోట్ల అదే రంగు గాజు చేశారు, వాటన్నిటికీ కలిపి ‘బ్రిస్టల్ బ్లూ’ అనడం అలవాటైపోయింది. 1980ల చివర్లో బ్రిస్టల్‌లోనే ఆ పని మళ్లీ మొదలైంది కూడా. అందుకని సంతకం లేని వాజు కింద ఆ మాట చూస్తే ‘నీలం రంగు’ అని మాత్రమే చదువుకోండి.

తెల్లటి ఎనామెల్‌తో (గాజు మీద వేసి కాల్చే రంగుతో) పిల్లల బొమ్మలు వేసిన నీలం వాజులని ‘మేరీ గ్రెగరీ’ అంటారు. అమెరికాలోని బోస్టన్ అండ్ శాండ్‌విచ్ గాజు కంపెనీలో ఆ పేరుగల చిత్రకారిణి నిజంగానే పనిచేసింది. ఆ బొమ్మల వాజుల్లో ఎక్కువభాగం మాత్రం బొహీమియాలో తయారైనవి. తర్వాతి కాలంలో కూడా ఆ తరహావి కుప్పలుగా వచ్చాయి. అదే బొహీమియాలో 1857లో మొదలైన మోసర్ కంపెనీ, నీలం, వంకాయ రంగు గాజు చుట్టూ యోధురాళ్ల బొమ్మలున్న బంగారు పట్టీ వేసి వాజులు చేసింది. చాలా బాగుంటాయి. కానీ బంగారు పట్టీ కనిపించిన ప్రతిదీ మోసర్ కాదు. అడుగున ‘చెకోస్లొవేకియా’ అని ఉంటే ఒక్కటి మాత్రం ఖాయం. ఆ దేశం ఏర్పడింది 1918లో కాబట్టి అంతకుముందు చేసింది కాదు.

అమెరికా గాజులో గుర్తులు కొంచెం ఎక్కువ సాయం చేస్తాయి. 1930ల్లో హైసీ, కేంబ్రిడ్జ్, ఫోస్టోరియా వంటి కంపెనీలు ఈ నీలంలో మంచి పని చేశాయి. హైసీది వజ్రం ఆకారంలో హెచ్ అక్షరం, కేంబ్రిడ్జ్‌ది త్రికోణంలో సీ అక్షరం. అయితే గుర్తు కూడా పూర్తి సాక్ష్యం కాదు. హైసీ 1957లో మూతపడితే దాని అచ్చులు ఇంపీరియల్ కంపెనీ కొనుక్కుంది. కొంతకాలం ఆ వజ్రం గుర్తుతోనే కొత్త గాజు బయటికొచ్చింది. ఫెంటన్ వాజులైతే కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి హాయి. 1970ల నుంచి కోడిగుడ్డు ఆకారపు గుర్తులో పేరు ఉంటుంది. దాని కింద చిన్న 8 ఉంటే 1980ల నాటిది, 9 ఉంటే 1990ల నాటిది. వందేళ్లు నిండని ఇలాంటివాటిని వింటేజ్ అంటారు. వాటిని తక్కువగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. డెన్మార్క్‌లో హోల్మెగార్డ్ గాజు కంపెనీ కోసం డిజైనర్ పెర్ లూట్‌కెన్ చేసిన 20వ శతాబ్దపు వాజులు నా కంటికి చాలా యాంటిక్‌ల కంటే అందంగా ఉంటాయి. వాటిలో చాలావాటికి అడుగున చెక్కిన సంతకం కూడా ఉంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కదా. నా సలహా: పేరు కోసం కొనకండి, పనితనం కోసం కొనండి. నా దగ్గరున్న వాటిలో నాకు బాగా ఇష్టమైనది ఏ గుర్తూ లేని చిన్న బడ్ వాజు, అంటే ఒకటి రెండు పూలు మాత్రమే పట్టే సన్న మెడ వాజు. మెడ ఒక పక్కకి కొద్దిగా ఒరిగి ఉంటుంది, గాజులో సన్నటి బుడగలు పైకి సాగినట్టు ఉంటాయి, పాంటిల్‌ని ఓపిగ్గా నున్నగా సాన పట్టారు. ఎవరు చేశారో ఏ పుస్తకమూ చెప్పదు, కానీ చేసినవాడికి పని వచ్చని ప్రతి అంగుళం చెబుతుంది. ఇలాంటివి ఒక రెండు మూడు చేతిలో పెట్టుకుని రోజూ తిప్పి చూస్తే కన్ను తయారవుతుంది. ఖరీదైన సంతకాల జోలికి ఆ తర్వాత వెళ్లండి.

కొన్నాక గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బు, మెత్తని గుడ్డ చాలు. డిష్‌వాషర్‌లో వేయొద్దు. సున్నం పొర ఉంటే నీళ్లు కలిపిన వెనిగర్ కాసేపు ఉంచితే వదులుతుంది. బంగారు పూత గానీ ఎనామెల్ గానీ ఉన్న చోటికి మాత్రం వెనిగర్ తగలనివ్వకండి. లోపల పూర్తిగా ఆరాకే అల్మారాలో పెట్టండి. పూలు పెట్టాలనిపిస్తే లోపల ఒక సన్నటి గాజు గొట్టం పెట్టి నీళ్లు అందులో పోయండి, వాజు గోడకి నీళ్లు తగలవు. వెనకనుంచి వెలుగు పడేలా సర్దండి, లేకపోతే ఇంత రంగూ నల్లగా కనిపిస్తుంది. లైటు ఎల్‌ఈడీ అయితే మంచిది, గాజు వేడెక్కదు.

మీ దృష్టిలో ఇప్పటికే ఏదైనా వాజు ఉంటే అడుగు, మూతి, లైటుకి ఎదురుగా తీసిన ఫోటో, ఈ మూడూ కింద కామెంట్లో పెట్టండి. చూసి నాకు తోచింది చెబుతాను.