పోలిక ప్రశ్నల్లో బాబు ఎందుకు తప్పుతున్నాడు?

అమ్మా, మీరు రాసింది చదివాను. బాబు జిల్లా పరిషత్ స్కూల్లో ఎనిమిదో తరగతి, ఎన్‌ఎంఎంఎస్ (తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లలో బాగా చదివే పిల్లలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే) స్కాలర్‌షిప్ పరీక్షకు తయారవుతున్నాడు, లెక్కలు గబగబా చేసేస్తాడు, తీరా అందులోని మానసిక సామర్థ్య పరీక్షలో పోలిక ప్రశ్నలు వచ్చేసరికి సగానికి సగం తప్పు పెడుతున్నాడు, వీడికి తెలివి తక్కువేమోనని మీకు టెన్షన్. ఆ మాట మాత్రం వాడి ముందు అనకండి. ప్రశ్న చదివే పద్ధతి ఒక్కటి మారితే చాలు.

మీరు పంపిన ప్రశ్నే తీసుకుందాం. శిల్పి : ఉలి :: రైతు : ? అంటే శిల్పికీ ఉలికీ ఉన్న సంబంధమే రైతుకు దేనితో ఉందో చెప్పాలి. ఆప్షన్లు నాగలి, పొలం, ధాన్యం, ఎద్దు. బాబు పొలం పెట్టాడు. రైతు అనగానే ఎవరికైనా ముందు పొలమే గుర్తొస్తుంది మరి. చాలామంది పిల్లలు ఇలాగే మొదటి జతను వదిలేసి, మూడో మాటకు ఏది దగ్గరగా ఉందా అని ఆప్షన్లలో వెతుకుతారు. ఇక్కడ నాలుగూ రైతుకు దగ్గరవే! అందుకే ఆప్షన్లను చేత్తో మూసేసి, ముందు మొదటి రెండు మాటలనూ కలిపి ఒక వాక్యం పైకి చెప్పమనండి. 'శిల్పి ఉలితో పనిచేస్తాడు' అన్నాడనుకోండి, అదే వాక్యంలో రైతును పెడితే పొలం, ధాన్యం పోతాయి, కానీ ఎద్దు ఇంకా మిగిలే ఉంటుంది, రైతు ఎద్దుతోనూ పనిచేస్తాడు కదా. అంటే వాక్యం వదులుగా ఉంది, బిగించాలి. 'ఉలి శిల్పి పనిముట్టు.' ఎద్దు పనిముట్టు కాదు కాబట్టి జవాబు నాగలి. నన్నడిగితే ఈ పాఠం మొత్తంలో అసలు నేర్చుకోవాల్సింది ఈ బిగించడమే.

రెండో పొరపాటు వరుస తారుమారు చేయడం. దీన్ని మీరు వంట చేస్తూనే నేర్పొచ్చు. బియ్యం : అన్నం అని మీరనండి, దానికి జత వాణ్ణే చెప్పమనండి. పిండి : రొట్టె అంటే సరే. పెరుగు : పాలు అన్నాడా, అక్కడే ఆపి వాక్యం చెప్పించండి, 'బియ్యం ఉడికితే అన్నం, పెరుగు తోడుకుంటే...' అనేలోపే వాడికే నవ్వొస్తుంది. తర్వాత తీవ్రత పెరిగే జతలు ఇవ్వండి, చినుకు : జడివాన, పిల్లగాలి : పెనుగాలి లాంటివి. జడివాన అంటే ఏంటో తెలియకపోతే మాత్రం ఏ పద్ధతీ పనిచేయదు, రోజూ పేపర్లో ఒక వార్త పైకి చదివించి తెలియని మాటలకు అర్థం చెప్పండి.

మానసిక సామర్థ్య పరీక్షలో 90 నిమిషాల్లో 90 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి నిమిషమే. ఇప్పుడు వాక్యాలు చెప్పుకోవడానికి టైం పట్టినా తొందరపెట్టకండి, అలవాటైతే మనసులోనే చకచకా వచ్చేస్తాయి. తప్పు పెట్టిన ప్రతి ప్రశ్నకూ తను ఏ వాక్యం చెప్పుకున్నాడో నోట్సులో రాయించండి, ఎక్కడ వదులైందో వాడికే కనిపిస్తుంది.

ఈ స్కాలర్‌షిప్ వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఆదాయ ధ్రువీకరణ పత్రం ఇంకా తీసుకోకపోతే ఈ వారమే దరఖాస్తు పెట్టేయండి, ఆఖరి తేదీల్లో దానికోసం బాబు చదువు మాని తిరగాల్సి రాకూడదు.