చమురు కంపెనీలు చేసింది పైరవీయా, లాబీయింగా?

సందేహం: పర్యావరణ చట్టాన్ని సడలించమని కంపెనీలు తెచ్చే ఒత్తిడిని కొందరు ‘లాబీయింగ్’ అంటున్నారు. ‘పైరవీ’ అనే చక్కని మాట ఉండగా అరువు మాట ఎందుకు? ‘లాబీ చేశారు’ అనడం సరైనదేనా?

సమాధానం: పైరవీ కూడా అరువు మాటే. పాతబడింది కనుక మనదనిపిస్తుంది. పారశీకంలో ‘పై’ అంటే పాదం, ‘రవ్’ అంటే నడిచేది. అడుగుజాడల్లో నడవడం పైరవీ. ఉర్దూలో అది దావా నడపడానికీ వాడుకైంది. తెలుగుకొచ్చేసరికి పని కోసం పెద్దవాళ్ల చుట్టూ తిరగడం అయింది: బదిలీకి పైరవీ, కాంట్రాక్టుకు పైరవీ. వీటిలో రూలు మారదు, ఒకరికి మాత్రం దారి దొరుకుతుంది.

లాబీయింగ్‌ గురి రూలు మీదే. ఒక ఫ్యాక్టరీ తన అనుమతి ఫైలు కదిలించుకుంటే పైరవీ. పొగగొట్టాల నుంచి వదలదగిన గంధకం పరిమితినే పెంచమని పరిశ్రమంతా కలిసి అడిగితే లాబీయింగ్. పైగా పైరవీలో చాటుతనం ఉంది. అమెరికాలో లాబీయింగ్ చట్టబద్ధం. 1995 నాటి చట్టం ప్రకారం లాబీయిస్టులు పేరు నమోదు చేసుకుని, ఆదాయవ్యయాలు వెల్లడించాలి. డబ్బు చేతులు మారితే మాత్రం రెండు మాటలూ వద్దు, లంచమనే రాయండి.

‘లాబీ చేశారు’ కుదరదు. లాబీ అంటే మొదట సభామందిరం బయటి చావడి, తర్వాత అక్కడ సభ్యుల్ని పట్టుకునే వర్గం. ‘బొగ్గు లాబీ’ సరే, చేసేది లాబీయింగ్.

సంస్థల పేర్లతో ఇంకో చిక్కు. 1989లో ఏర్పడి 2002లో మూతపడ్డ గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్‌లో ఉన్నవి చమురు, బొగ్గు, కార్ల కంపెనీలూ వాటి సంఘాలూ. భూతాపాన్ని పెంచే వాయువుల్ని తగ్గించుకోవాలనే క్యోటో అంతర్జాతీయ ఒప్పందాన్ని అది వ్యతిరేకించింది. ‘ప్రపంచ వాతావరణ కూటమి’ అని తెలుగు చేసి వదిలేస్తే, చదివినవాళ్లు పర్యావరణ సంఘమనుకుంటారు (అలా అనుకోవాలనే ఆ పేరు పెట్టారేమో!). అసలు పేరు ఉంచి, ముందు ‘పరిశ్రమల కూటమి’ అని చేర్చండి.

కాలుష్యాన్ని అదుపు చేయాల్సిన సంస్థే కంపెనీల మాట వినే స్థితిని ఇంగ్లీషులో ‘రెగ్యులేటరీ క్యాప్చర్’ అంటారు. దాన్ని ‘నియంత్రణ స్వాధీనం’ అంటే ఎవరు ఎవరికి స్వాధీనమయ్యారో తేలదు. ‘కబ్జా’లో బలప్రయోగం ధ్వనిస్తుంది, ఇక్కడ జరిగేది అది కాదు. లెక్కలిచ్చేది కంపెనీలే, నిపుణుల్ని పంపేదీ అవే, పదవీ విరమణ తర్వాత ఉద్యోగమిచ్చేదీ అవే. ‘చెప్పుచేతల్లోకి పోయింది’ అనండి. శీర్షికలో చోటు చాలకపోతే ‘గుప్పిట్లో’.