దిగేటప్పుడు చేతులు ఏం చేశాయి?

అమ్మాయ్,

మహారాష్ట్రలోని ఇరుకైన సాంధణ్ లోయలో నీ ట్రెక్ మీద రాసింది చదివాను. భండారదర దగ్గరి సామ్రద్ ఊళ్లో బయల్దేరింది మొదలు డేహణే చేరేదాకా అన్నీ ఉన్నాయి. తాడు పట్టుకుని బండ దిగిన చోట మాత్రం మూడు వాక్యాల్లో కిందికి దిగిపోయావు. గుండె ఝల్లుమనడం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడం, మళ్లీ పుట్టినట్టు అనిపించడం. మొదటిసారి విమానం ఎక్కినవాళ్లూ ఇవే రాస్తారు.

అక్కడ నీ చేతులు ఏం చేశాయో రాయి. తాడు, నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీల హార్నెస్‌కు తగిలించిన డిసెండర్ అనే లోహపు బిళ్లలోంచి రాసుకుంటూ వెళ్తుంది. నడుము పక్కన కుడిచెయ్యి దాన్ని వదులు చేస్తే దిగుతాం, వెనక్కి లాగి బిగిస్తే ఆగుతాం. భయపడ్డవాళ్లు పై తాడును ఎడమచేత్తో గట్టిగా పట్టేసుకుని బండకు అతుక్కుపోతారు, దాంతో కాళ్లు జారతాయి. వెనక్కి వాలి, బరువంతా తాడు మీద వేసి కూర్చుంటేనే పాదాలు నిలుస్తాయి. ఒళ్లేమో బండను కౌగిలించుకోమంటుంది, ఇన్‌స్ట్రక్టరేమో వెనక్కి వాలమంటాడు. ఆ తగువు రాస్తే చాలు, గుండెదడ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇంకోటి. గుంపుతో వెళ్తే మనం దిగేది కొద్ది నిమిషాలే, మిగతాదంతా వెయిటింగ్. మనుషులు దొరికేది ఆ క్యూలోనే. హెల్మెట్ పట్టీ పదేపదే సరిచూసుకున్నదెవరు, జోకులేస్తూ తన వంతు వెనక్కి జరుపుకున్నదెవరు? బస్సులో వచ్చిన అందరూ వద్దు, ఇద్దరు చాలు. అన్నట్టు, కింద తాడు కొస పట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి మర్చిపోయావు. నీ చెయ్యి పట్టు తప్పినా అతను తాడు లాగి బిగిస్తే ఆగుతావు. అతను లేకుండా ఆ సన్నివేశం ఎలా రాశావో నాకర్థం కాలేదు.

సమాచారం దాని చోట దాన్ని పెట్టు. ఆ నల్లరాయి బసాల్ట్, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలుపొరలుగా పారి గడ్డకట్టిన లావా. దాన్ని మొదటి పేరాలో కుమ్మరించకు. తాడు మీద వేలాడేటప్పుడు నీ ముక్కుకెదురుగా ఉన్నది ఆ రాయేగా, అక్కడ చెప్పు. వానాకాలంలో ఆ ఇరుకంతా నీళ్లు ఉరికి వస్తాయన్న సంగతి మాత్రం ముందే రాయి. నీ వ్యాసం చదివి ఎవరైనా జూలైలో బయల్దేరగలరు.

సవరించాక పంపు. ఫొటోలు జతచేయకు, వాటిని చూస్తే నువ్వు రాయనిది కూడా నేనే పూరించేసుకుంటాను.