చిన్న పార్టీ నాయకుడి కథ రాస్తున్నావని తెలిసి

కర్నూలు

నాయనా,

నువ్వు పంపిన పేజీలు రెండుసార్లు చదివాను. బైరెడ్డి రాజశేఖరరెడ్డి గారి రాజకీయ జీవితం రాయడానికి పూనుకున్నందుకు సంతోషం. కానీ ఆయన పెట్టిన చిన్న పార్టీ, రాయలసీమ పరిరక్షణ సమితి దగ్గరకు వచ్చేసరికి "ప్రజలు తిరస్కరించారు" అని ఒక్క పేరాలో తేల్చేశావు. అక్కడ నా మనసు ఒప్పలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. కుర్రతనంలో ఒక చిన్న పార్టీ అభ్యర్థి గురించి "డిపాజిట్ గల్లంతు" అని హెడ్డింగ్ పెట్టి నాలుగు ముక్కలు రాశాను. కొన్నాళ్లకు కొండారెడ్డి బురుజు దగ్గర ఒక పెద్దాయన నన్ను ఆపాడు. "ఆయప్పకు మా ఊర్లో నూటాపద్దెనిమిది ఓట్లు పడినాయి సార్. ఎందుకేసినామో ఒక్కర్నన్నా అడిగితివా?" అన్నాడు. అడగలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

డిపాజిట్ పోయిందంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటలేదని మాత్రమే అర్థం. నువ్వు ముందు ఫారం-20 సంపాదించు. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. మొత్తంలో ఎక్కడా కనపడని పార్టీకి రెండు మూడు బూతుల్లో మాత్రం ఓట్లు గుంపుగా పడి ఉండొచ్చు. అట్లాంటివి కనిపిస్తే ఆ ఊళ్లకు పో. వాళ్లు బంధుత్వం కొద్దీ వేశారా, పాత పార్టీ మీద అలిగి వేశారా, కాలవ చివర నీళ్లందని పొలాలున్నందుకు వేశారా? కూర్చుని అడుగు. తొందరపడకు.

ఇంకో సంగతి నువ్వు దాటేశావు. ఆయన 1994లో, 1999లో నందికొట్కూరు నుంచి తెలుగుదేశం తరఫున గెలిచారు. 2004లో ఓడారు. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత, 2009 ఎన్నికల నాటికి ఆ సీటు ఎస్సీలకు రిజర్వు అయింది. సొంత ఊళ్లు, సొంత మనుషులు ఉన్నచోట తాను నిలబడే వీలు పోయింది. 2012లో ఆయన తెలుగుదేశం వదిలి సమితి పెట్టడానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నేను చెప్పను. నువ్వు అడిగి తెలుసుకోవాలి. సీమ మీద ప్రేమా, తన చోటు కోసం వెతుకులాటా ఒకే మనిషిలో ఉండొచ్చు. ఒకటి నిజం కాబట్టి రెండోది అబద్ధమని రాయకు.

ప్రత్యేక రాయలసీమ అనే మాటను తెలంగాణ ఉద్యమానికి జవాబుగా పుట్టిన కోపంగా చూపించావు. అది అంతకంటే పాతది. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకు ముందు చోటు ఇస్తామన్నారు. 1953లో మన కర్నూలు రాజధాని అయింది, గుడారాల్లో ఆఫీసులు నడిచాయి, మూడేళ్లకే అవి హైదరాబాదు పోయాయి. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ గుడారాల గురించి చెబుతుంటే గొంతు మారేది. శ్రీశైలంలో నీళ్లు 854 అడుగులకు దిగకుండా చూడమని ఇక్కడి రైతు ఎందుకు అంత పట్టుబడతాడో ఒకసారి, ఆ నీళ్లను సీమ కాలవల్లోకి వదిలే పోతిరెడ్డిపాడు గేట్ల దగ్గరకు పోయి చూడు. 2016 మే 31న కృష్ణ మీద సిద్ధేశ్వరం దగ్గర నీళ్లు నిలిపే అలుగు కట్టాలని వేల మంది ఎండలో నడిచారు. అది ఏ ఒక్క నాయకుడి సొత్తూ కాదు. ఆ కోరిక నాయకుడి కంటే ముందు ఉంది, ఆయన పోయినచోటికి అది పోలేదు.

గుర్తింపు లేని పార్టీకి సొంత గుర్తు ఉండదు. ప్రతి ఎన్నికకూ ఎన్నికల సంఘాన్ని అడుక్కోవాలి. ఈసారి వచ్చిన గుర్తు మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు. ముసలమ్మకు కొత్త గుర్తు చూపించి గుర్తు పెట్టించడానికి కార్యకర్త పడే టెన్షన్ నీ పేజీల్లో ఎక్కడా లేదు.

"జంప్ జిలానీ" అనే మాట మూడు చోట్ల వాడావు. మూడూ కొట్టెయ్. ఆయన సమితిని వదిలి జాతీయ పార్టీ వైపు పోయారు. 2024లో ఆయన కూతురు శబరి గారు అదే తెలుగుదేశం నుంచి నంద్యాల ఎంపీగా గెలిచారు. ఇవి తారీఖులతో సహా రాయి, చాలు. నాకు కావలసింది వేరే. సమితి జెండా కట్టుకుని ఊరూరా తిరిగినవాడు, నాయకుడు పార్టీ మారిన మర్నాడు ఊర్లో ఎట్లా తలెత్తుకు తిరిగాడు? ఆయన వెంట పోయాడా, ఇంట్లో కూర్చున్నాడా, ఆ జెండా ఏం చేశాడు?

వాళ్లను కలిసి రా. పోయేటప్పుడు ఫోన్ చెయ్యి, జూపాడుబంగ్లా వైపు నాకు తెలిసినవాళ్లు ఉన్నారు, చెబుతాను. ముందుమాట తర్వాత రాసుకోవచ్చు. ఆ మర్నాటి గురించిన పేజీలు ముందు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన