ఐడిల్‌లో మిస్సింగ్: కాయిల్స్ కొనే ముందు గాలి పైపులు చూడండి

మీరు చెప్పినది ఇదీ: పెట్రోల్ బండి, సిగ్నల్ దగ్గర ఆగి ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంటే వణుకు, కదిలాక మామూలు. నాలుగు ప్లగ్గులూ మార్చినా తగ్గలేదు, ఇప్పుడు మెకానిక్ ప్లగ్గులకు హై వోల్టేజీ ఇచ్చే కాయిల్సన్నీ మార్చాలంటున్నారు. దయచేసి అప్పుడే డబ్బు పెట్టకండి.

కాయిల్ బలహీనపడితే మామూలుగా ముందు లోడ్ మీద తెలుస్తుంది. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగే కొద్దీ స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు కుదుపులొస్తాయి. మీ బండి తీరు దానికి పూర్తిగా రివర్స్. ఐడిల్‌లోనే మిస్ అయి, రేజ్ చేస్తే సర్దుకుంటోందంటే నేనైతే ముందు గాలి లీకేజీనే అనుమానిస్తాను. ఐడిల్‌లో థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే రెక్క) దాదాపు మూసి ఉంటుంది, మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) వాక్యూమ్ బలంగా ఉంటుంది. అప్పుడు చిన్న పగులులోంచి దూరే గాలి కూడా మిశ్రమాన్ని పలచన చేసేస్తుంది. థ్రాటిల్ తెరుచుకున్నాక వచ్చే గాలితో పోలిస్తే ఆ లీకు లెక్కలోకే రాదు.

నా పాత హ్యాచ్‌బ్యాక్‌కి సరిగ్గా ఇదే జరిగింది. బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెడితే పీ0300 అనే కోడ్ వచ్చింది. అంటే మిస్‌ఫైర్ (పెట్రోల్ సరిగా మండకపోవడం) ఒక్క సిలిండర్‌ది కాదు, మారుతూ ఉంది. పీ0301 నుంచి పీ0304 వరకు ఏదైనా వచ్చి ఉంటే చివరి అంకె సిలిండర్ నంబరు చెప్పేది. అప్పుడు ఆ కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చి చూడటం తేలిక. కోడ్ కూడా వెంట వెళ్తే తప్పు కాయిల్‌ది, లేకపోతే కాదు. దీనికి పైసా ఖర్చు లేదు, మీరూ చేసుకోవచ్చు.

నాకు దారి చూపించింది ఫ్యూయల్ ట్రిమ్, అంటే మిశ్రమం సరిచేయడానికి కంప్యూటర్ పెట్రోల్ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో స్కానర్‌లో కనిపించే లెక్క. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో షార్ట్ (అప్పటికప్పుడు మారేది), లాంగ్ (నెమ్మదిగా స్థిరపడేది) ట్రిమ్‌లు కలిపితే ప్లస్ 20 శాతం దాటాయి. 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే సున్నా దగ్గరికి దిగాయి. గాలి లీకుకి ఇంతకంటే స్పష్టమైన గుర్తు ఉండదు. ఒక్క జాగ్రత్త: లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేకుండా, మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్‌తోనే నడిచే బండ్లలో ట్రిమ్ ఇంత తేడా చూపించకపోవచ్చు. అక్కడ ఐడిల్ ఆర్‌పీఎం ఉండాల్సిన దానికంటే పెరిగిందేమో చూడాలి.

తర్వాత చెవిపెట్టి వింటే మానిఫోల్డ్ కింద సన్నగా 'సుయ్' మంటోంది. ఇంజన్ లోపలి ఆవిర్లను మానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ పైపు, మోచేతిలా వంగే చోట, ఆయిల్ ఆవిరికి నాని మెత్తబడిపోయింది. పైనుంచి బాగానే కనిపిస్తోంది. వేలితో వంచితే అడుగున పగులు నోరు తెరిచింది. ఆ పైపుని ప్లయర్‌తో నొక్కి పట్టగానే వణుకు ఆగిపోయింది. కొత్త పైపు వేయించాను, అంతే. మీరు బ్రేక్ బూస్టర్ పైపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ కూడా చూడండి. కొందరు కార్బ్ క్లీనర్ (మసి వదిలించే స్ప్రే) కొట్టి లీకు వెతుకుతారు, వేడి ఇంజన్ మీద అది అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి నేను ఆ పని చేయను. పొగతో లీకు పట్టే మెషీన్ ఉన్న వర్క్‌షాప్ దొరికితే అదే మేలు.

గాలి లీకు లేదని తేలితే థ్రాటిల్ బాడీ మసి, ఇంజెక్టర్లు చూడాలి. బండికి సీఎన్‌జీ కిట్ ఉంటే మాత్రం వాల్వ్ క్లియరెన్స్ (మూసి ఉన్న వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు) ముందు చూపించండి. గ్యాస్ మీద వాల్వ్ సీట్లు అరిగి క్లియరెన్స్ తగ్గిపోతుంది, వాల్వ్ పూర్తిగా మూసుకోక ఐడిల్‌లో మిస్ అవుతుంది. కంప్రెషన్ టెస్ట్‌లో ఆ సిలిండర్ దొరికిపోతుంది.

ఇంకొకటి, చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉండటం వేరు, ఆగి ఆగి మెరవడం వేరు. మెరుస్తుంటే బండి నడపకండి. కాలని పెట్రోల్ వెళ్లి సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ధర ముందు కాయిల్స్ ఖర్చు ఏ మూలకీ రాదు.